‘జీరో రిజల్ట్స్’ వస్తే నిశ్చింతేనా?

ఈ నెల ఉత్తరాల్లో ఆరు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. బడులు తెరిచే ముందు ఇళ్లు మారేవాళ్లు ఎక్కువ కదా, అందుకేనేమో. లైంగిక నేరాల్లో శిక్ష పడినవాళ్లు అమెరికాలో తమ పేరు, అడ్రసు పోలీసుల దగ్గర నమోదు చేయించుకోవాలి. వాళ్లలో కొందరి వివరాలు జనానికీ కనిపిస్తాయి. అడిగినవన్నీ ఆ రిజిస్ట్రీ గురించే. మాది తెనాలి. న్యూజెర్సీకి వచ్చి ఇరవై ఏడేళ్లు. అందులో పదహారేళ్లు మిడిల్‌సెక్స్ కౌంటీలో ఒక లా ఆఫీసులో పారాలీగల్‌గా ఫైళ్లు మోశాను. లాయర్‌ని కాను, అది ముందే చెప్పేస్తున్నాను. కానీ ఈ రకం కాయితాలు నా చేతుల మీదుగా చాలానే వెళ్లాయి.

ప్రశ్న: అక్కయ్యా, ఎడిసన్‌లో ఒక టౌన్‌హౌస్ నచ్చింది. మా పాపకి ఆరేళ్లు. సంతకాలు పెట్టేముందు మా ఆయన రిజిస్ట్రీలో అడ్రస్ కొట్టి చూస్తే మైలు లోపల ఒక మనిషి ఫొటో వచ్చింది. ఆ రాత్రి నుంచి నాకు నిద్ర లేదు. మా ఫ్రెండ్ కొంటున్న పక్క ఊళ్లో వెతికితే ఎవరూ రాలేదు. మేమూ అటు వెళ్లిపోదామా? ఏజెంట్‌ని అడిగితే ‘ఆ సంగతి నన్నడక్కండి’ అన్నాడు. ఏదో దాస్తున్నాడేమోనని టెన్షన్‌గా ఉంది. — ఒక అమ్మ, ఎడిసన్

జవాబు: ముందు ఆ ఏజెంట్‌ని వదిలేద్దాం పాపం. మీ చేతిలో ఉన్న కాంట్రాక్టు తిప్పి చూడండి, ‘మేగన్స్ లా స్టేట్‌మెంట్’ అని ఒక పేరా ఉంటుంది. అందరం చదవకుండా ఇనిషియల్స్ పెట్టేసేది అదే. నేనూ మా ఇల్లు కొన్నప్పుడు అలాగే పెట్టాను. ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నది కౌంటీ ప్రాసిక్యూటర్, అంటే ప్రభుత్వం తరఫు లాయరు, నిర్ణయిస్తారనీ, రియల్ ఎస్టేట్ వాళ్లకి ఆ సమాచారం రాదనీ, వాళ్లు తెచ్చి ఇవ్వలేరనీ అందులో రాసి ఉంటుంది. క్లోజింగ్ అయ్యాక కావాలంటే ప్రాసిక్యూటర్ ఆఫీసుని అడగొచ్చట. ఇల్లు కొన్నాక అడగమనడం నాకెప్పుడూ వింతగానే ఉంటుంది. కానీ మీ ఏజెంట్ చెప్పింది నిజం.

ఇప్పుడు అసలు సంగతి. మేగన్ కాంకా అనే ఏడేళ్ల పిల్ల మన ట్రెంటన్ పక్కన హామిల్టన్ టౌన్‌షిప్‌లో ఉండేది. 1994 జూలై 29న ఎదురింటి మనిషి కుక్కపిల్లని చూపిస్తానని లోపలికి పిలిచి ఆ పిల్లని చంపేశాడు. అంతకు ముందే రెండుసార్లు పిల్లల మీద నేరాలు చేసి శిక్షపడినవాడు. ఆ సంగతి వీధిలో ఆ తల్లిదండ్రులకి తెలియదు. ‘తెలిసుంటే మా పిల్లని జాగ్రత్తగా చూసుకునేవాళ్లం కదా’ అని వాళ్లు అడిగిన ఒక్క మాట మీద అదే ఏడాది అక్టోబర్ 31న ఇక్కడ ‘మేగన్స్ లా’ అనే చట్టం వచ్చింది. 1996లో దేశమంతటికీ వచ్చింది. ఆ ఇంటిని పడగొట్టి చిన్న పార్కు చేశారు. నేను ఒకసారి వెళ్లాను. బడి వదిలే వేళ. చుట్టూ మామూలు ఇళ్లు, డ్రైవ్‌వేల్లో పిల్లల సైకిళ్లు. ఆ రెండు ఇళ్ల మధ్య ఎంత దూరం ఉండి ఉంటుందో కళ్లతో కొలుచుకుని, అక్కడ ఎక్కువసేపు నిలబడలేక వచ్చేశాను.

అందుకే న్యూజెర్సీ చట్టంలో ‘చెప్పడం’ ముఖ్యం. కానీ అందరి గురించీ అందరికీ చెప్పదు. ప్రతి మనిషికీ ప్రాసిక్యూటర్ ఆఫీసు లెక్కకట్టి మార్కులు వేస్తుంది. పదమూడు అంశాలుంటాయి. బలప్రయోగం ఎంత, బాధితుల వయసెంత, ఎంతమంది, ఎన్నాళ్లు సాగింది, తాగుడు ఉందా, ట్రీట్‌మెంట్‌కి లొంగాడా, ఉద్యోగం ఇల్లు నిలకడగా ఉన్నాయా, ఇలాంటివి. ఆ మార్కుల్ని బట్టి టైర్, అంటే ప్రమాదం ఏ స్థాయిలో ఉందన్నది. ఒప్పుకోకపోతే ఆ మనిషి జడ్జి ముందు వాదించుకోవచ్చు. ఆ హక్కు 1995లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు ఇచ్చింది.

టైర్ 1 అంటే మళ్లీ నేరం చేసే అవకాశం తక్కువ అని. అది పోలీసులకే తెలుస్తుంది. టైర్ 2 అయితే బడులకీ, డేకేర్లకీ, సమ్మర్ క్యాంపులకీ, పేరు నమోదు చేసుకున్న సంస్థలకీ చెప్తారు. టైర్ 3 అయితే పోలీసులే తలుపులు తట్టి, ఎదురుపడే అవకాశమున్న ఇళ్లన్నిటికీ ఫొటోతో కాయితం ఇస్తారు. మీ ఆయన చూసిన ఇంటర్నెట్ రిజిస్ట్రీ స్టేట్ పోలీసులది. అందులో టైర్ 3 వాళ్లు ఉంటారు, టైర్ 2లో చాలామంది ఉంటారు. టైర్ 1 వాళ్లు దాదాపుగా రారు. ఇంకోటి, ఇంట్లో పిల్లల మీదే నేరం చేసి టైర్ 2లో పడినవాళ్లకి మినహాయింపు ఉంది. అలాంటి ఫొటో పెడితే బాధితురాలు ఎవరో ఊరికి తెలిసిపోతుంది కదా.

అంటే మీ ఫ్రెండ్ ఊళ్లో ఎవరూ రాలేదంటే ఎవరూ లేరని కాదు. అక్కడ ఇంటర్నెట్‌లో పెట్టదగ్గవాళ్లు లేరని, అంతే.

మీ ఆయన్ని ఆ పేజీ మళ్లీ తెరవమనండి. ఫొటో దగ్గరే ఆగిపోయి ఉంటారు, అందరం అదే చేస్తాం. కింద నేరం ఏమిటో, బాధితుల వయసు పిల్లలా పెద్దలా, ఏ టైరో రాసి ఉంటుంది. కారు మోడల్, రంగు, నంబర్ ప్లేట్ కూడా ఉంటాయి. పాతికేళ్ల కిందటి ఒక నేరమా, పిల్లల మీద ఒకటికి రెండుసార్లు చేసినవాడా అన్నది చూస్తే మీకే ఒక అంచనా వస్తుంది. మైలు అంటే ఎడిసన్‌లో వేలమంది జనం. పాప రోజూ బస్సెక్కే స్టాప్‌కీ ఆ ఇంటికీ మధ్య దారి ఎలా ఉందో చూడండి. నేనైతే టైర్ 3 మనిషి అదే వీధిలో ఉంటే కొనను, మైలు అవతల టైర్ 2 ఉంటే ఇల్లు వదులుకోను. ఇది నా లెక్క మాత్రమే.

‘బడికి దగ్గర్లో ఉండనివ్వకూడదు కదా’ అని మీరు పీ.ఎస్. రాశారు. ఇక్కడ చాలా టౌన్‌షిప్‌లు అలా రూల్స్ పెట్టుకున్నాయి. 2009లో రాష్ట్ర సుప్రీంకోర్టు, ఇది మేగన్స్ లా చూసుకోవాల్సిన పని, ఊళ్లు సొంతంగా పెట్టుకోకూడదని కొట్టేసింది. వేరే రాష్ట్రాల్లో అలాంటి రూల్స్ ఉన్నాయి.

ప్రశ్న: మేడమ్, నేను వెతికితే ఆ మనిషికి తెలిసిపోతుందా? లాగిన్ అవ్వాలా? — పేరు వద్దు, ఐస్లిన్

జవాబు: తెలియదు, అక్కర్లేదు. డబ్బులు కట్టమని అడిగే సైట్ ఏదైనా వస్తే అది అసలుది కాదు, మూసేయండి.

ప్రశ్న: నమస్తే అక్కా. బాబుని చూసుకోవడానికి ఒక ఆంటీ దొరికారు. మన తెలుగావిడే, గ్రూపులో ఎవరో చెప్పారు. వాళ్లింట్లో ఆమె, భర్త, ఆయన తమ్ముడు ఉంటారు. ముగ్గురి పేర్లూ నేషనల్ సైట్‌లో కొట్టాను. ఏమీ రాలేదు. సరిపోతుందా? — డల్లాస్ దగ్గర నుంచి

జవాబు: ముగ్గురి పేర్లూ కొట్టారు చూడండి, ఆ బుద్ధికి దండం. చాలామంది ఆంటీ పేరొక్కటే చూసి ఊరుకుంటారు.

నేషనల్ సైట్ అంటే ఎన్‌ఎస్‌ఓపీడబ్ల్యూ డాట్ గవ్. దానికి డ్రూ షోడిన్ అనే నార్త్ డకోటా యూనివర్సిటీ అమ్మాయి పేరు పెట్టారు, 2003లో హత్యకి గురైంది. ఆ సైట్ దగ్గర సొంత లిస్టంటూ ఉండదు. మీరు పేరు కొట్టగానే యాభై రాష్ట్రాలు, వాషింగ్టన్ డీసీ, ద్వీపాలు, ట్రైబల్ ప్రాంతాల రిజిస్ట్రీల్లో వెతికి తెస్తుంది. కాబట్టి ఏ రాష్ట్రం ఎంతవరకు బయటపెడుతుందో అంతే దొరుకుతుంది. మీ టెక్సస్ దాదాపు అందర్నీ పెడుతుంది. మా న్యూజెర్సీ టైర్ 1 వాళ్లని దాచుకుంటుంది. ఇక్కడ కనపడని మనిషి అక్కడికి మారాక కనపడొచ్చు.

మన పేర్లతో వచ్చే చిక్కు వేరే ఉంది. ఇంటిపేరు ముందు రాసేవాళ్లున్నారు, చివర రాసేవాళ్లున్నారు. పాస్‌పోర్టులో ఒక స్పెల్లింగు, అందరూ పిలిచేది ఇంకోటి. ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని ఫస్ట్ నేమే లేని వీసాలు మన ఇళ్లలో ఎన్ని లేవు? ఆంటీ గ్రూపులో ‘లక్ష్మి’ అయినంత మాత్రాన కోర్టు కాయితాల్లో లక్ష్మి అవ్వదు. ఐడీ మీద ఉన్నది ఉన్నట్టు, ముందువెనకలు మార్చి రెండుసార్లు కొట్టండి.

అయినా రిజిస్ట్రీలో ఉండాలంటే మామూలుగా ఇక్కడి కోర్టులో నేరం రుజువై ఉండాలి. నిన్నగాక మొన్న దేశం నుంచి దిగిన మనిషి అందులో ఎలా ఉంటాడు? ఎవరూ ఫిర్యాదు చెయ్యని మనిషి ఎలా ఉంటాడు? అమెరికా న్యాయశాఖ 2000లో ఒక లెక్క వేసింది. పోలీసుల దాకా వచ్చిన కేసుల్లో పిల్లలకి పరిచయం లేనివాళ్లు చేసినవి నూటికి 7. కుటుంబంవాళ్లు 34, తెలిసినవాళ్లు 59. నేను ఆఫీసులో చూసిన ఫైళ్లూ ఈ లెక్కకి దూరంగా లేవు. చుట్టం, ట్యూషన్ మాస్టారు, నాన్న స్నేహితుడు.

కాబట్టి ఆంటీ ఇంతకుముందు చూసుకున్న పిల్లల తల్లులు ఇద్దరితో మీరే ఫోన్‌లో మాట్లాడండి. గ్రూపులో ‘షీ ఈజ్ వెరీ గుడ్’ అన్న మెసేజ్ లెక్కలోకి రాదు. ఎందుకు మానేశారో అడగండి. చెప్పకుండా మధ్యాహ్నం రెండింటికి ఓసారి వెళ్లండి. బాబు పడుకునే గది ఎవరిదో చూడండి. ఆవిడ నొచ్చుకుంటారని మొహమాటపడొద్దు, మంచి ఆంటీలు నొచ్చుకోరు. ఇంకో మాట, విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లని పనికి పెట్టుకోకూడదు. అది మీకూ ఆమెకీ ఇద్దరికీ ప్రమాదం.

మా న్యూజెర్సీ చదువరుల కోసం: ఒక పిల్లకి ఏదో జరుగుతోందని సహేతుకమైన అనుమానం వస్తే ఇక్కడ టీచర్లు, డాక్టర్లే కాదు, ఎవరైనా చెప్పి తీరాలి. 1-877-652-2873. రాత్రయినా ఎత్తుతారు.

ప్రశ్న: మేడమ్ గారూ, మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకరు రిజిస్ట్రీ స్క్రీన్‌షాట్ పెట్టి ‘ఇతను మన బిల్డింగ్ సీ లో ఉన్నాడు, అందరికీ పంపండి’ అన్నారు. నేను అడ్మిన్‌ని. ఉంచాలా, తీసేయాలా? — నార్త్ బ్రన్స్‌విక్

జవాబు: తీసేయండి. ఎందుకో ఒక కథ చెప్తాను.

మేం మొదట్లో ఉన్న కాంప్లెక్స్‌లో, ఇంకా వాట్సాప్ రాని రోజుల్లో, ఈమెయిల్ చెయిన్‌లో ఇలాగే ఒక ఫొటో తిరిగింది. కింద పేరుంది. అదే పేరున్న ఒకాయన మూడో ఫ్లోర్‌లో ఉండేవాడు. ఫొటో మసకగా ఉంది, గెడ్డం ఉంది, ఈయనకీ గెడ్డం ఉంది. అంతే. ఆ శనివారం పూల్ దగ్గర వాళ్లబ్బాయి దిగగానే మిగతా పిల్లల్ని తల్లులు ఒక్కొక్కర్నీ పైకి పిలిచేసుకున్నారు. వాడు నీళ్లలో ఒక్కడే మిగిలాడు, చేతిలో బంతి. ఎవరూ ఏమీ అనలేదు. రెండు వారాల తర్వాత ఎవరో ఆ పేజీని పూర్తిగా తెరిచి చూస్తే రిజిస్ట్రీ మనిషికి ఈయన కంటే పంతొమ్మిదేళ్లు ఎక్కువ, ఎత్తు అరడుగు తక్కువ. ఆ పిల్లల్ని పైకి పిలిచినవాళ్లలో నేనూ ఉన్నాను. క్షమించమని అడిగేలోపు వాళ్లు ఇల్లు ఖాళీ చేశారు.

స్క్రీన్‌షాట్‌కి వయసు పెరగదు, అడ్రస్ మారదు. రిజిస్ట్రీలో ఉన్నవాళ్లు ఇక్కడ ఏడాదికోసారి, కొందరైతే 90 రోజులకోసారి వెళ్లి అడ్రస్ ధ్రువీకరించాలి. ఇల్లు మారాలంటే పది రోజుల ముందే చెప్పాలి. ఆ పేజీ మారుతూ ఉంటుంది, మీ గ్రూపులో బొమ్మ మాత్రం అలాగే ఉండిపోతుంది. కావాలంటే రిజిస్ట్రీ లింకు పెట్టి ఎవరికివారు చూసుకోమనండి.

పోలీసులు ఇంటికొచ్చి ఇచ్చే కాయితమైతే ఇంకా జాగ్రత్త. ఒకసారి మా ఇంటికీ వచ్చారు. మిరపకాయ బజ్జీలు వేస్తున్నాను, చెయ్యంతా శనగపిండి. తలుపు తీస్తే ఇద్దరు. కాయితం అందుకోగానే మూల మీద నూనె మరక పడింది. ‘ఇది మీ ఇంట్లోవాళ్ల కోసం, కాపీలు తియ్యొద్దు, స్తంభాలకి అంటించొద్దు’ అని నిదానంగా చెప్పి వెళ్లారు. బజ్జీలు మాడిపోయాయి. ఆ సమాచారంతో ఆ మనిషిని బెదిరించినా, కారు పగలగొట్టినా, దానికి న్యూజెర్సీలో విడిగా ఇంకో నేరం పడుతుంది. ఇల్లు అద్దెకివ్వడం మానడానికి, లోన్ నిరాకరించడానికి వాడుకోకూడదన్న నిబంధన కూడా ఉంది, ప్రమాదంలో ఉన్నవాళ్లని కాపాడుకోవడానికైతే తప్ప.

ప్రశ్న: అమ్మా, మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది, మీ శీర్షిక తను చదివి వినిపిస్తుంది. అక్కడ ఇంత ఏర్పాటు ఉందే, మన గుంటూరులో ఇలా చూసుకునే వీలుందా? — ఒక అమ్మమ్మ, గుంటూరు

జవాబు: అమ్మా, లిస్టు ఉంది, చూసే వీలు లేదు. 2018 సెప్టెంబర్ 20న కేంద్ర హోంశాఖ లైంగిక నేరస్తుల జాతీయ డేటాబేస్ ప్రారంభించింది. నేరాల రికార్డులు చూసే కేంద్ర సంస్థ ఎన్‌సీఆర్‌బీ దాన్ని చూసుకుంటుంది. మొదలుపెట్టినప్పుడే నాలుగు లక్షల నలభై వేల దాకా ఎంట్రీలున్నాయి. కానీ అది పోలీసులు దర్యాప్తులో వాడుకునేది, జనానికి తెరవలేదు. ఇక్కడ ఇరవై ఏడేళ్లు చూశాక అదేమంత లోటు కాదనిపిస్తుంది నాకు. మన ఊళ్లలో ఆ లిస్టు గోడకి అంటిస్తే ముందు బయటపడేది బాధపడిన పిల్ల పేరే.

అక్కడ మీ చేతిలో ఉన్నది పోక్సో చట్టం, 2012 నాటిది. పిల్లల మీద అఘాయిత్యం జరిగిందని తెలిస్తే పోలీసులకి చెప్పి తీరాలని సెక్షన్ 19. ‘పరువు పోతుంది’ అని నొక్కిపెట్టినవాళ్లకీ శిక్ష ఉంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098. మనవరాళ్లకి ఆ నంబర్ నోటికి రానివ్వండి.

ప్రశ్న: అక్కా, ఎవరికీ చెప్పుకోలేక రాస్తున్నాను. మా తమ్ముడు హెచ్1బీ మీద ఇక్కడే ఉన్నాడు. ఆన్‌లైన్‌లో ఒక అమ్మాయితో చాట్ చేశాడు, పధ్నాలుగేళ్లని చెప్పిందట. కలవడానికి వెళ్తే పోలీసులు. అసలు అమ్మాయే లేదు, ఆఫీసరే. ‘నేను ఎవర్నీ ముట్టుకోలేదు కదా’ అంటున్నాడు. రిజిస్ట్రీలో పెడతారా? తొందరగా ఒప్పుకుని బయటపడమని ఫ్రెండ్స్ అంటున్నారు. గుడివాడలో నాన్నకి ఇంకా చెప్పలేదు. — పేరు రాయలేను

జవాబు: అమ్మా, మెత్తగా చెప్పలేను. ముట్టుకోలేదన్నది ఇక్కడ తప్పించదు. పిల్లని రప్పించుకోవడానికి ప్రయత్నించడమే నేరం, అవతల ఉన్నది ఆఫీసర్ అయినా సరే. న్యూజెర్సీలో అది మేగన్స్ లా కిందికే వస్తుంది. వయసు చెప్పాక కూడా వెళ్లాడు, ఆ సంగతి మీరు కూడా ఒకసారి మనసులో పెట్టుకోండి.

అరెస్టయినంత మాత్రాన రిజిస్ట్రీలో పడడు. నేరం రుజువైతేనో, ఒప్పుకుంటేనో పడతాడు. అందుకే ‘తొందరగా ఒప్పుకో’ అన్న సలహా వినొద్దు. జైలు తక్కువ పడే ఒప్పందంలోనే రిజిస్ట్రేషన్ ఉండొచ్చు, దేశం నుంచి పంపించేసే నేరమూ ఉండొచ్చు. ఒప్పుకుంటే ఇమిగ్రేషన్‌కి ఏమవుతుందో క్లయింట్‌కి చెప్పడం క్రిమినల్ లాయర్ బాధ్యతేనని అమెరికా సుప్రీంకోర్టు 2010లో పడిల్లా కేసులో చెప్పింది. ఆ మాట పట్టుకుని, ఇమిగ్రేషన్ లాయర్‌ని కూడా పక్కన కూర్చోబెట్టమని అడగండి. ఇద్దరూ ఒకే కాయితం చూడాలి. మా ఆఫీసుకి సంతకాలైపోయాక వచ్చిన తల్లిదండ్రులే ఎక్కువ.

రిజిస్ట్రీలో పడితే, ఇక్కడ పదిహేనేళ్లు ఏ నేరమూ లేకుండా ఉంటే తీసేయమని కోర్టుని అడగొచ్చు. కొన్ని పెద్ద నేరాలకీ, ఒకటికి మించి చేసినవాళ్లకీ ఆ దారి లేదు. నమోదు ఎగ్గొడితే అది మళ్లీ మూడు నుంచి అయిదేళ్ల జైలు నేరం. ఇండియాకి వెళ్లాలన్నా 21 రోజుల ముందు చెప్పాలి. అమెరికా పౌరులకైతే, పిల్లల మీద నేరమైతే, 2016 చట్టం ప్రకారం పాస్‌పోర్టు లోపలే ఆ సంగతి అచ్చువేస్తారు.

తమ్ముడి ఫోన్‌లో, లాప్‌టాప్‌లో ఒక్క అక్షరం కూడా మీరు డిలీట్ చెయ్యొద్దు. కేసు గురించి జైలు ఫోన్‌లో మాట్లాడొద్దు, తెలుగులో అయినా సరే, అవి రికార్డవుతాయి. నాన్నగారికి ఈ రాత్రే మీరే ఫోన్ చేసి చెప్పండి, ఇక్కడి న్యూస్‌లో పడిన ఫొటో ఏ గ్రూపులోంచో ఆయన ఫోన్‌కి చేరేలోపు.